రాత్రి పని జీతం కూడా అఫిడవిట్‌లో రాయాలా? (పాప మెయింటెనెన్స్ కేసు)

ఏటిగట్టు | సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాది కోనసీమ. కొత్తపేట దగ్గర ఒక రైసు మిల్లులో పద్దులు రాస్తాను. జీతం 23,000. పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి 21,000 వస్తుంది. నేను, మా ఆవిడ విడిగా ఉండబట్టి నాలుగేళ్లు దాటింది. పాప వాళ్లమ్మ దగ్గరే, రాజోలు వైపు అమ్మమ్మగారింట్లో ఉంటుంది. ఇప్పుడు మూడో తరగతి. 2022లో కోర్టు పాపకు నెలకు 6,000 ఇమ్మని ఆర్డరు వేసింది. ఇంతవరకు ఒక్క నెల కూడా ఎగ్గొట్టలేదు. రెండు సార్లు ఆలస్యమైంది, అంతే.

మా నాన్నకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు సార్లు డయాలసిస్. అది ఆరోగ్యశ్రీలోనే జరుగుతోంది కానీ రానుపోను ఆటో, బయట కొనే మందులు కలిపి నెలకు 5,000 తక్కువ కావడం లేదు. అందుకే సంక్రాంతి వెళ్లాక, ఫిబ్రవరి నుంచి అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టులో రాత్రి పని ఒప్పుకున్నాను. మిల్లు నుంచి నేరుగా అక్కడికి వెళ్లి ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఆ రోజు కాయ లెక్కలు, రైతుల బాకీలు రాస్తాను. నెలకు 8,000 చేతికే ఇస్తారు.

ఇప్పుడు పాప వాళ్లమ్మ 10,000కు పెంచమని పిటిషన్ వేసింది. మా లాయరు గారు ఆస్తులు, ఆదాయం అఫిడవిట్ నింపమని కాగితాలు ఇచ్చారు. 'ఇతర ఆదాయాలు' అన్న గడి దగ్గర ఆగిపోయాను. మా బావ రాయొద్దు అంటున్నాడు. కొట్టు ఓనరు గారైతే తన పేరు కోర్టుకు ఎక్కితే రేపటి నుంచి రావద్దు అనేశారు. రాస్తే ఆ 8,000 కూడా ఎప్పటికీ ఉండే జీతం కిందే కట్టేస్తారేమో అని భయం. రాయకపోతే తప్పు చేసినట్టు ఉంటుంది. వారం నుంచి టెన్షన్‌తో నిద్ర లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

గౌతమి గాలి | సోమవారం, రాత్రి 11:48

సోదరా, రాయకండి. చేతికి వచ్చే డబ్బు, స్లిప్పు లేదు, బ్యాంకులో పడదు. మీరు ఆ పని చేసేది తండ్రి మందుల కోసం. సరదాలకు కాదు. ఈ రోజు 8,000 అని రాస్తే రేపు ఓనరు తీసేసినా కోర్టు కాగితం మీద 8,000 అలాగే ఉంటుంది. తగ్గించమని మళ్లీ పిటిషన్, మళ్లీ వాయిదాలు, మళ్లీ ఫీజు. మా అన్నయ్య విషయంలో ఇదే జరిగింది. ఓవర్‌టైమ్ ఉన్న నెలల్లో జీతం చూసి కట్టారు, ఓవర్‌టైమ్ ఆగిపోయాక రెండేళ్లు నలిగిపోయాడు.

పాత గుమాస్తా | మంగళవారం, ఉదయం 6:05

ఏటిగట్టు గారూ, నేను ప్లీడరు గుమాస్తాగా 28 ఏళ్లు పనిచేసి మానేసినవాణ్ని. లాయరును కాను. మీ లాయరు గారి మాటే ఆఖరు. కానీ ఇలాంటి కాగితాలు చాలా నింపించాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు ఒక తేడా గమనించండి. ఒకసారి ఆర్డరు అయిపోయాక, కేసు ఏదీ నడవనప్పుడు, జీతం పెరిగిన ప్రతిసారీ మీ అంతట మీరు కోర్టుకు వెళ్లి చెప్పాలన్న పద్ధతి మన దగ్గర లేదు. ఆర్డరులో అలా రాసి ఉంటే తప్ప. పరిస్థితులు మారాయని ఎవరో ఒకరు పిటిషన్ వేయాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 127వ సెక్షన్. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్)లో 146. అసలు మెయింటెనెన్స్ పాతదాంట్లో 125, కొత్తదాంట్లో 144. కాబట్టి ఫిబ్రవరి నుంచి ఇప్పటిదాకా మీరు చెప్పకపోవడం నేరమేమీ కాదు. దానికి కుమిలిపోకండి.

కానీ ఇప్పుడు మీ చేతిలో ఉన్నది అఫిడవిట్. ప్రమాణం చేసి ఇచ్చే మాట. 2020 నవంబరులో సుప్రీంకోర్టు రజనేష్, నేహా కేసులో దేశమంతటికీ ఒకే పద్ధతి పెట్టింది. మెయింటెనెన్స్ అడిగేవాళ్లు, ఇచ్చేవాళ్లు ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చులు అన్నీ ఆ కోర్టు ఇచ్చిన నమూనాలో రాసి ఇవ్వాలి. జీతం ఒక్కటే రాస్తే సరిపోదు, ఏ దారిన వచ్చినా రాయాలి. అందులో అబద్ధం తేలితే తప్పుడు సాక్ష్యం కింద చర్య మొదలుపెట్టే అధికారం కోర్టుకు ఉందని ఆ తీర్పులోనే ఉంది. కోర్టు విచారణలో కావాలని తప్పుడు సాక్ష్యం ఇస్తే 7 ఏళ్ల దాకా శిక్ష చట్టంలో ఉంది. ప్రతి ఇంటి గొడవలోనూ అంతదూరం పోదు, నిజమే. కానీ ఒక్క అబద్ధం దొరికితే ఆ తర్వాత మీరు చెప్పే నిజాలు కూడా ఎవరూ నమ్మరు. మీ నాన్నగారి మందుల బిల్లులతో సహా.

గౌతమి గాలి గారు చెప్పిన భయం అసలైన భయమే. దాన్ని కొట్టిపారేయను. దానికి మందు దాచడం కాదు. ఆ ఆదాయం ఎలాంటిదో వివరంగా రాయడం. సాయంత్రం వచ్చి మిగతాది రాస్తాను.

లంకపల్లె అమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 2:30

నేను అవతలి వైపు నుంచి మాట్లాడుతున్నాను. నా ఇద్దరు పిల్లలకు మెయింటెనెన్స్ అందుకునేదాన్ని.

మా ఆయన కోర్టులో ఎరువుల కొట్టులో గుమాస్తా అని, జీతం 12,000 అని చెప్పాడు. జీతం కాగితం కూడా పెట్టాడు. నిజంగానే ఆ కొట్టులో చేసేవాడు. కానీ వాళ్ల చిన్నాన్నతో కలిసి రెండెకరాల రొయ్యల చెరువు కౌలుకు తీసుకున్నాడు. ఆ సంగతి రాయలేదు. కోర్టు ఇద్దరు పిల్లలకు కలిపి 4,000 వేసింది. 4,000తో ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి ఆ ఏడు కళ్లజోడు కావాల్సి వచ్చింది. నాలుగు నెలలు వాయిదా వేశాను. వాడు మొదటి బెంచీలో కూర్చుంటే సరిపోతుందమ్మా అనేవాడు.

నాకు ఎలా తెలిసిందో చెప్పనా? నేను ఎవరినీ కాపలా పెట్టలేదు. మా పిన్ని కొడుకు ఐస్ బండి నడుపుతాడు. రొయ్య పట్టిన రోజు ఆ చెరువుకు ఐస్ వేసింది అతనే. డబ్బు ఇచ్చింది మా ఆయనే. మన ఊళ్లు ఇంతే అండి. ఏటికి అవతలి గట్టున దగ్గితే ఇవతల వినబడుతుంది. ఏటిగట్టు గారూ, మీ కొట్టుకు కాయ తెచ్చే రైతుల్లో రాజోలు వాళ్లు ఉండరా? ఆ చుట్టుపక్కల కాయంతా వచ్చేది అంబాజీపేటకే కదా. వాళ్లకు చీటీ రాసిచ్చేది మీరే కదా. మీ పాప అమ్మమ్మగారి ఊళ్లో ఈపాటికి తెలియకుండా ఉంటుందా?

డబ్బు దాచాడన్న కోపం నాకు రెండేళ్లలో పోయింది. పిల్లవాడి కళ్లజోడు సంగతి తెలిసి కూడా చెరువు మాట ఎత్తలేదే, అది మాత్రం ఇంకా పోలేదు. మీరు 8,000లో 8,000 ఇవ్వమని ఎవరూ అనరు. ఉందని చెప్పండి, అంతే.

చెరువు మేత | మంగళవారం, మధ్యాహ్నం 3:15

అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ చెరువు ఆదాయం జీతం లాంటిది కాదు. ఒక పంటకు వైట్ స్పాట్ తెగులు కొడితే పెట్టుబడి మొత్తం నీళ్లలోనే. ఆ ఏడు లాభం చూసి కడితే వచ్చే ఏడు ఎక్కడి నుంచి తెస్తాం? నాకూ కొడుకు ఉన్నాడు, నేనూ కడుతున్నాను. వ్యవసాయం మీద వచ్చేదానికి పన్నే లేదు కదా, దాన్ని ఇక్కడ ఎందుకు చూపాలని మా వైపు చాలామంది అంటారు. గుమాస్తా గారు చెప్పాలి.

పాత గుమాస్తా | మంగళవారం, సాయంత్రం 7:40

చెరువు మేత గారికి ముందు చెబుతాను. పన్ను లెక్క వేరు, బిడ్డ లెక్క వేరు. వ్యవసాయ ఆదాయానికి పన్ను మినహాయింపు ఉన్నంత మాత్రాన అది ఆదాయం కాకుండా పోదు. ఆ సుప్రీంకోర్టు తీర్పుతో పాటు ఇచ్చిన నమూనాల్లో వ్యవసాయదారుల కోసం ప్రత్యేకంగా ఒకటి ఉంది. భూమి ఎంత, మాగాణా మెట్టా, ఏ పంటలు, సొంతమా కౌలా, గత మూడేళ్లలో ఎంత వచ్చింది, పశువులు, కోళ్లు, చేపల పెంపకం ఉన్నాయా అని అడుగుతుంది. మూడేళ్లు అడగడం మీకే మంచిది. పోయిన పంట కూడా అందులో కనబడుతుంది. మేత బిల్లులు, సీడ్ బిల్లులు, కౌలు కాగితం జాగ్రత్త చేసుకోండి. నష్టం ఉందని నోటితో చెబితే ఎవరూ వినరు.

ఇక ఏటిగట్టు గారి సంగతి. ఎంత పడుతుందన్నది మీ భయం. 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు భర్త నికర జీతంలో 25 శాతం సమంజసం అంది. అక్కడ భార్యకూ కొడుక్కూ కలిపి. అప్పటి నుంచి అందరి నోటా పాతిక శాతం అన్న మాట పడింది. కానీ అది చట్టంలో ఉన్న సూత్రం కాదు, ఒక కొలత. కేసును బట్టి ఎక్కువా కావచ్చు, తక్కువా కావచ్చు. ఊరికే ఒక అంచనాకు చూడండి. 21,000లో నాలుగో వంతు 5,250. 29,000లో నాలుగో వంతు 7,250. మీరు ఇప్పటికే 6,000 ఇస్తున్నారు. రాత్రి పని రాయడానికీ, రాయకపోవడానికీ మధ్య తేడా 2,000. ఆ 2,000 కోసమా ప్రమాణం మీద అబద్ధం?

మీ నాన్నగారు కూడా మీ మీద ఆధారపడ్డవారే. మెయింటెనెన్స్ ఇప్పించే ఆ 144వ సెక్షన్‌లో భార్యాబిడ్డలతో పాటు తల్లిదండ్రులు కూడా ఉన్నారు. కాబట్టి ఆయన వైద్యం ఖర్చు కోర్టు చూసే విషయమే. మీ ఆవిడ సంపాదిస్తుంటే అదీ ఆవిడ అఫిడవిట్‌లో రావాలి. పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రి మీదే పడుతుంది, తల్లికి చాలినంత సంపాదన ఉంటే ఇద్దరి మధ్య పంచవచ్చని ఆ తీర్పే చెప్పింది.

కొట్టు ఓనరు గారికి ఒక మాట చెప్పండి. దాస్తే అవతలి వాళ్లు ఆయన్నే సాక్షిగా పిలిపించమని, పద్దు పుస్తకాలు తెప్పించమని కోర్టును అడగవచ్చు. ఒక చిన్న కాగితం మీద సంతకం చేసి ఇస్తే ఆ అవసరం రాదు.

ఏటిగట్టు | మంగళవారం, రాత్రి 10:30

ఇప్పుడే కొట్టు నుంచి వచ్చాను. అందరివీ చదివాను. లంకపల్లె అమ్మ గారూ, మీరు రాసింది రెండు సార్లు చదివాను. ఈ రోజు సాయంత్రం చీటీలు రాస్తుంటే మలికిపురం నుంచి వచ్చిన పెద్దాయన 'మీది ఫలానా వాళ్ల ఇల్లు కదూ' అని అడిగారు. తల దించుకుని అవునన్నాను.

పాప వాళ్లమ్మ ఒక ప్రైవేటు స్కూల్లో చిన్న పిల్లలకు చెబుతుంది. 9,000 వస్తుందని విన్నాను. అడిగే హక్కు ఉందో లేదో అని ఎప్పుడూ అడగలేదు.

ఇంకో సందేహం. ఇప్పుడు రాత్రి పని మానేసి, ఆ తర్వాత అఫిడవిట్ ఇస్తే? అప్పుడు అబద్ధం ఉండదు కదా అని మా బావ అంటున్నాడు.

నారుమడి | బుధవారం, ఉదయం 5:50

అది మాత్రం చేయకండి. నేను చేసిన తప్పు అదే, కాబట్టి చెబుతున్నాను.

మాది కడియం వైపు. నర్సరీలో పని. శని, ఆదివారాలు మొక్కల లోడు వ్యాన్ తోలేవాణ్ని, హైదరాబాదు దాకా. ట్రిప్పుకు 2,500. కేసు పడగానే డ్రైవింగ్ మానేశానని చెప్పాను. రెండు నెలలు నిజంగానే మానేశాను. తర్వాత వాయిదాలు సాగుతున్నాయి కదా అని మళ్లీ మొదలుపెట్టాను. అవతలి లాయరు నా ఫోన్‌పే చెల్లింపులు తెప్పించారు. నర్సరీ ఓనరు చేతికి ఇచ్చేవాడు కానీ దారిలో డీజిల్‌కు, టోల్‌కు నేను ఫోన్‌లో కట్టేవాణ్ని. ప్రతి శనివారం హైవే మీద డీజిల్. ఇంకేం చెప్పను? బోనులో నిలబెట్టి ఒక్కొక్క తారీఖు చదువుతుంటే మా అమ్మ వెనక బెంచీ మీద కూర్చుని వింటోంది.

తప్పుడు సాక్ష్యం కింద చర్య తీసుకోమని వాళ్లు దరఖాస్తు పెట్టారు. పెద్దమనుషుల్ని పట్టుకుని రాజీకి వచ్చాం. నేను మొదట్లోనే నిజం రాసి ఉంటే పడేదాని కంటే ఎక్కువకే ఒప్పుకున్నాను. బేరం ఆడే ముఖం లేదు నాకు.

కేసు పడ్డాక పని మానేస్తే జడ్జి గారు అడిగే మొదటి ప్రశ్న ఎందుకు మానేశావనే. ఒళ్లు బాగున్న మగవాడు కూలి పని చేసైనా భార్యాబిడ్డల్ని పోషించాలని సుప్రీంకోర్టు 2022లో కూడా చెప్పిందని మా లాయరు గారు అన్నారు. అప్పటిదాకా సంపాదించి, పిటిషన్ రాగానే మానేస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

లెస్టర్ నర్సు | బుధవారం, మధ్యాహ్నం 12:10

మాది నరసాపురం దగ్గర. ఇంగ్లండ్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడి పద్ధతి చెబితే పోల్చుకోవడానికి పనికొస్తుందేమో.

ఇక్కడ తల్లిదండ్రులు తమలో తాము తేల్చుకోకపోతే చైల్డ్ మెయింటెనెన్స్ సర్వీస్ అనే ప్రభుత్వ సంస్థ లెక్క కడుతుంది. ఆదాయం ఎంతో మామూలుగా మనిషిని అడగరు, పన్నుల శాఖ నుంచి తెప్పించుకుంటారు. రెండు ఉద్యోగాలుంటే రెండూ అందులోనే కనబడతాయి. వారానికి 200 నుంచి 800 పౌండ్ల మధ్య ఆదాయానికి ఒక బిడ్డకు 12 శాతం, ఇద్దరికి 16, ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ మందికి 19. ప్రతి ఏడూ మళ్లీ కడతారు. మధ్యలో ఆదాయం 25 శాతం మారితే అప్పుడే మార్పించుకోవచ్చు. బిడ్డ తండ్రి దగ్గర పడుకునే రాత్రులను బట్టి కొంత తగ్గుతుంది.

నాతో పనిచేసే ఒకావిడ మాజీ భర్త గోడౌన్‌లో రాత్రి షిఫ్టు మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది లెక్కలో దానంతటదే వచ్చేసింది. ఎవరూ ఎవర్నీ నిలదీయలేదు. ఇండియాలో అలాంటి ఏర్పాటు లేదు కాబట్టే ఒకరు దాచడం, ఇంకొకరు కనిపెట్టడం, ఇద్దరూ పగ పట్టడం. మనిషి నోటిమాట మీద ఆధారపడే చోట ఆ మాటకు విలువ ఎక్కువ అనిపిస్తుంది నాకు.

గౌతమి గాలి | బుధవారం, మధ్యాహ్నం 1:00

దాచమని అన్నందుకు నన్ను అందరూ తప్పుపట్టవచ్చు. నారుమడి గారు రాసింది చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. కొబ్బరి బేరాలు శ్రావణం నుంచి కార్తీకం, అయ్యప్ప మాలల దాకా జోరు. తర్వాత తగ్గితే ఓనరు ఈయన్ని ఉంచుతాడా? ఉంచకపోతే నెలనెలా ఆ తేడా ఎక్కడి నుంచి కడతాడు? కట్టకపోతే వారంట్, ఒక్కో నెల బకాయికి నెల దాకా జైలు. అది కూడా చట్టమే కదా.

పాత గుమాస్తా | బుధవారం, రాత్రి 8:15

చట్టమే. అందుకే ఎలా రాయాలో చెబుతాను. మీ లాయరు గారు ఇంగ్లీషులో పెడతారు, విషయం మాత్రం ఇలా ఉండేలా చూడండి:

'మిల్లు ఉద్యోగం కాక, ఈ ఏడాది ఫిబ్రవరి నుంచి సాయంత్రం వేళ ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తున్నాను. నెలకు 8,000 నగదుగా ఇస్తున్నారు. నియామక పత్రం లేదు, పీఎఫ్ లేదు, ఎప్పుడైనా ఆపేయవచ్చు. నా తండ్రి వైద్యం ఖర్చు కోసం ఈ పని ఒప్పుకున్నాను. అక్కడికి రానుపోను పెట్రోలుకు నెలకు ఇంత అవుతోంది. పని ఆగిపోయినా, జీతం మారినా కోర్టుకు తెలియజేస్తాను.'

ప్రతి వాక్యానికీ ఒక పని ఉంది. ఎప్పటి నుంచి అన్నది రాస్తే అది ఎన్నాళ్లుగానో దాచిన ఆదాయం కాదని తేలుతుంది. ఎప్పుడైనా ఆపేయవచ్చన్నది రాస్తే, రేపు నిజంగా ఆగిపోయి 146 కింద తగ్గించమని అడిగినప్పుడు ముందే చెప్పారు కదా అన్న ఆధారం ఉంటుంది. గౌతమి గాలి గారి అన్నయ్యకు దొరకనిది బహుశా ఇదే. ఓవర్‌టైమ్‌ను మామూలు జీతంలో కలిపేసి ఉంటారు. విడిగా చూపలేదు.

కేసు నడుస్తుండగా పరిస్థితి మారితే అదనపు అఫిడవిట్ వేసే వీలు కూడా ఆ 2020 తీర్పులోనే ఉంది. దాన్ని వాడుకోండి.

ఖర్చులు కూడా అంతే నిజాయితీగా రాయండి. ఆటో చీటీలు ఉండవు, కానీ డయాలసిస్ కార్డు మీద తారీఖులు ఉంటాయి. అవి జత చేయండి. ఒక హెచ్చరిక. బైకు ఈఎంఐ, చిట్టీ పాట లాంటివి చూపించి బిడ్డ వాటా తగ్గించమంటే కోర్టులు అంతగా పట్టించుకోవు. మీ ఇష్టం మీద చేసుకున్న అప్పు బిడ్డ తిండి కంటే ముందు రాదు.

పదో నంబరు బస్సు | బుధవారం, రాత్రి 9:02

నేను ఆ బిడ్డ వైపు నుంచి ఒక్క మాట. ఇప్పుడు నాకు 24. మా నాన్న కూడా కోర్టు ఆర్డరు మీదే డబ్బు పంపేవారు. పంపిన ప్రతిసారీ ఇంట్లో అది ఎంత, ఇంకా ఎంత ఉండి ఉంటుంది అన్న చర్చే. ఆయన నిజంగా ఎంత సంపాదించేవారో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసి ఉంటే తక్కువైనా ఏమీ అనుకునేదాన్ని కాదు. ఇంటర్లో ఆయన కొత్త బైకు మీద కాలేజీ ముందు కనిపించినప్పుడు పలకరించకుండా బస్సెక్కేశాను. అప్పు చేసి కొన్నారో, సంపాదించి కొన్నారో అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు.

లంకపల్లె అమ్మ | బుధవారం, రాత్రి 9:20

తల్లీ, నీ మాటతో ఈ రాత్రి అన్నం తినలేకపోయాను. మా పెద్దవాడు కూడా ఇలాగే అనుకుంటున్నాడేమో. రేపు వాడితో వాళ్ల నాన్న గురించి మాట్లాడతాను.

ఏటిగట్టు | మూడు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. ఏమైందో చెప్పకపోతే న్యాయం కాదు.

రాశాను. గుమాస్తా గారు చెప్పినట్టే రాయించాను. ముందు ఓనరు గారి దగ్గరకు వెళ్లి కూర్చున్నాను. సాక్షిగా పిలిచే అవకాశం గురించి చెప్పగానే ఆయన కోప్పడ్డారు. రెండు రోజులు పనిలోకి రానివ్వలేదు. మూడో రోజు ఫోన్ చేసి రమ్మన్నారు. కొట్టు పేరున్న కాగితం మీద 'నెలకు 8,000 ఇస్తున్నాను, తాత్కాలికం' అని రాసి సంతకం చేశారు. ఆయన కూతురు కూడా పుట్టింట్లోనే ఉంటోందట. అప్పుడే తెలిసింది నాకు.

వాయిదా రోజు ఇద్దరి అఫిడవిట్‌లు చదివాక జడ్జి గారు మాట్లాడుకుని రమ్మని పంపారు. పాప వాళ్లమ్మ లాయరు చేతిలో ఒక ఫొటో ఉంది. నేను కొట్టులో బల్ల ముందు కూర్చుని చీటీ రాస్తున్న ఫొటో. అది వాళ్లు బయటికి తీయాల్సిన పని పడలేదు. నేను రాసిన పేజీ చూసి ఆయన దాన్ని ఫైల్లో పెట్టేసుకున్నారు. నా కాళ్లు వణికాయి, అబద్ధం లేదు.

ఆవిడకు 9,500 వస్తోందని రాసింది. మా నాన్న డయాలసిస్ సంగతి ఆవిడకు తెలియదు. కార్డు తీసుకుని తారీఖులన్నీ చూసింది. ఎప్పటి నుంచి అని అడిగింది. నాలుగేళ్లలో కేసు గురించి కాకుండా మాట్లాడిన మొదటి మాట అది.

నెలకు 8,000 దగ్గర ఒప్పుకున్నాం. జూన్‌లో స్కూలు ఫీజు, పుస్తకాలు చెరి సగం, నా సగం నేరుగా స్కూలుకే కట్టాలి. రాత్రి పని ఆగిపోతే నేను ఓనరు కాగితంతో చెప్పాలి, అప్పుడు ఇద్దరం కలిసి మార్చమని అడగాలి. ఇదంతా కోర్టు రికార్డు చేసింది. నేను అనుకున్నదాని కంటే ఎక్కువే. నెలకు మిగిలేది బాగా తగ్గింది. కానీ నిద్ర పడుతోంది.

మొన్న పాపతో ఫోన్‌లో మాట్లాడినప్పుడు 'నాన్నా, నువ్వు రాత్రి కూడా పనికెళ్తున్నావంట, అమ్మ చెప్పింది' అంది. ఎన్నింటికి అన్నం తింటావని అడిగింది. పదింటికి అన్నాను. అంత లేటా అంది.

చెరువు మేత | ఆదివారం, ఉదయం 10:15

చాలా సంతోషం అన్నా. నేను కూడా మూడేళ్ల మేత బిల్లులు ఒక సంచిలో వేసి పెట్టాను. లాయరు గారికి ఇస్తాను.

పాత గుమాస్తా | ఆదివారం, ఉదయం 11:00

మంచి పని చేశారు. డబ్బు మాత్రం చేతికి ఇవ్వకండి, ఆవిడ ఖాతాలోనే వేయండి. వేసేటప్పుడు కింద 'పాప మెయింటెనెన్స్' అని, ఏ నెలదో రాయండి. స్కూలు రసీదు ఫొటో తీసి ఆవిడకు పంపండి. ఐదేళ్ల తర్వాత ఎవరికీ ఏదీ గుర్తుండదు.

ఏటిగట్టు | ఆదివారం, ఉదయం 11:25

అలాగేనండి. 5వ తారీఖున వేశాను, నెల పేరు రాశాను. పాప పేరు కూడా రాశాను.